సిక్స్ కొట్టిన తర్వాతి బంతి

మల్కాజిగిరి నుంచి 21 ఏళ్ల అబ్బాయి రాసిన ఉత్తరం ఇది. తన పేరు, క్లబ్బు పేరు బయటికి రాకూడదన్నాడు. బీకాం చివరి సంవత్సరం, ఒక పేపర్ ఇంకా మిగిలే ఉంది. నాన్నది టైలరింగ్ షాపు. హైదరాబాద్ లీగ్‌లో మూడు రోజుల మ్యాచ్‌లు ఆడే జట్టులో రెండేళ్లుగా ఉన్నాడు. ఏడో నంబర్‌లో బ్యాటింగ్ చేస్తాడు. కొత్త బంతి వేసే ఇద్దరూ అలిసిపోగానే మీడియం పేస్ వేస్తాడు.

నాలుగు పేజీల ఉత్తరంలో సంగతి ఇదీ. గత నెల ఒక మ్యాచ్‌లో ఎదుటి జట్టు 268కి ఆలౌటైంది. రెండో రోజు టీ తర్వాత ఇతను క్రీజులోకి వెళ్లాడు. అవతలి ఎండ్‌లో నాలుగో నంబర్ బ్యాట్స్‌మన్ బాగా కుదురుకుని ఉన్నాడు. ఇతను 24 బంతుల్లో 27 కొట్టాడు. ఆఫ్ స్పిన్నర్‌ను ముందుకొచ్చి నేరుగా అతని తల మీదుగా సిక్స్ బాదాడు. తర్వాతి బంతికి మళ్లీ ముందుకొచ్చి లాంగాన్‌లో, అంటే బౌలర్ వెనకవైపు బౌండరీ దగ్గర ఉన్న ఫీల్డర్ చేతికి చిక్కాడు. అప్పటికి స్కోరు 6 వికెట్లకు 237. మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యానికి ఇంకా 32 కావాలి. మిగిలిన నాలుగు వికెట్లూ 20 పరుగుల్లో పోయాయి. మ్యాచ్ డ్రా అయింది, ఆధిక్యం పాయింట్లు అవతలివాళ్లు పట్టుకుపోయారు.

తర్వాతి మ్యాచ్‌కి ఇతన్ని పక్కన పెట్టారు. "నువ్వు బ్యాట్స్‌మన్‌వో బౌలర్‌వో ముందు తేల్చుకో. ఇలాగే ఉంటే రెంటికీ చెడ్డ రేవడివవుతావ్" అని కోచ్ అందరి ముందూ అన్నాడట. టీ టైంలో "నీ ఆట నువ్వాడు, కొట్టేయ్" అని భుజం తట్టిన కెప్టెన్ అప్పుడు తలొంచుకుని షూ లేసులు కట్టుకుంటున్నాడట. మేనమామేమో "ఈ మూడు రోజుల ఆట ఎవడు చూస్తాడ్రా, టీ20లో పడు" అంటున్నాడు. నాన్నకు స్పోర్ట్స్ కోటాలో ఏదో ఒక ఉద్యోగం వస్తే చాలు. ఆ మ్యాచ్ తర్వాత మూడు వారాలుగా ఆయన ఇతనితో మాట్లాడటం లేదు. అయితే నెట్స్ ఉన్న రోజు పొద్దున్నే తెల్ల ప్యాంటు ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టి ఉంటోంది. "అమ్మ పెడుతోందనుకున్నా సార్, అమ్మ కాదు" అని రాశాడు.

చివరి పేరా అతని మాటల్లోనే: "ఇంగ్లండ్ ఆల్‌రౌండర్ స్టోక్స్ హెడింగ్లే ఇన్నింగ్స్ వీడియో వంద సార్లు చూసుంటాను. టెస్టుల్లో దూకుడుగా ఆడే ఆల్‌రౌండర్ ఉంటే మ్యాచ్‌లే తిరిగిపోతాయని అందరూ అంటారు. మా క్లబ్బులో మాత్రం నాలాంటివాడు బరువైపోయాడు. నేను మారాలా, క్లబ్బు మారాలా, ఆటే మానేయాలా?"

బాబూ,

ముందు నీ ఉత్తరం గురించే ఒక మాట. నాలుగు పేజీల్లో ఆ 27 పరుగులకే రెండున్నర పేజీలు ఇచ్చావు. ఏ బంతి ఎక్కడ పడింది, ఎంత దూరం వెళ్లింది, చెట్టు కింద కూర్చున్న పెద్దాయన ఎలా చప్పట్లు కొట్టాడు, అన్నీ ఉన్నాయి. బౌలింగ్ గురించి ఒకటే వాక్యం: "అంతకుముందు 14 ఓవర్లు వేసి 31కి రెండు తీశాను." ఆ వాక్యం కింద నేను పెన్నుతో గీత గీసుకున్నాను. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇంకొక మాట కూడా ముందే చెప్పేయాలి. నలభై ఏళ్ల కిందట ఇదే లీగ్‌లో మ్యాటింగ్ (పిచ్ మీద పరిచే చాప) మీద ఆడినవాణ్ణి నేను. నీ కథలో అవతలి ఎండ్‌లో ఉన్నాడే, కుదురుకున్న నాలుగో నంబర్, నేను ఆ రకం. రోజంతా నిలబడి నలభై కొట్టేవాణ్ణి. మా జట్టులో నీలాంటివాడు ఒకడుండేవాడు. ఒక మ్యాచ్‌లో సరిగ్గా ఇలాగే అవుటై వెళ్లిపోతుంటే నాకు ఒళ్లు మండి, సీజన్ అయిపోయేదాకా అతనితో సరిగా మాట్లాడలేదు. తర్వాతి ఏడాది అతను ఊరు మారిపోయాడు. అప్పుడు తెలిసొచ్చింది. అతను అవతల ఉన్నంతసేపూ నా చుట్టూ ఇద్దరు ఫీల్డర్లే ఉండేవారు, అతను పోయాక నలుగురు మూగారు. నా నలభై పరుగుల్లో సగం అతను ఖాళీ చేయించిన చోట్లలో కొట్టినవే. కాబట్టి నీ ఆటకు విలువ లేదని నేను అనను. అది ఎక్కడుందో మాత్రం నువ్వు తప్పు చోట వెతుకుతున్నావు.

ఆ రెండు బంతులు మళ్లీ చూద్దాం. నీ ఉత్తరంలోనే ఉంది: "సిక్స్ కొట్టగానే వాళ్ల కెప్టెన్ మిడాన్‌ను లాంగాన్ బౌండరీకి పంపించాడు, నేను చూశాను కూడా." చూశావు కదా! మరి ఆ క్షణంలో నీకేం దొరికింది? దగ్గరున్న మనిషి డెబ్బై గజాల దూరానికి వెళ్లిపోయాడు. బంతిని నెమ్మదిగా అటు తోస్తే నడుచుకుంటూ వెళ్లినా ఒక పరుగు. మర్నాడు పొద్దుటిదాకా ఆ సింగిల్ నీదే. ఆఫ్ స్పిన్నర్ ఎటు వేయాలో తెలీక తికమకపడతాడు. నువ్వు కొట్టిన సిక్స్ స్కోరుబుక్‌లో ఆరు పరుగులే, దాని అసలు లాభం ఆ ఖాళీ అయిన చోటు. నువ్వు దాన్ని సంపాదించావు, తర్వాతి బంతికే పారేసుకున్నావు. ఆ షాట్ కొట్టినందుకు కోచ్ తిట్టుంటే పొరపాటు. లాంగాన్ వెళ్లి నిలబడ్డాక కూడా అదే షాట్ కొట్టినందుకు తిట్టుంటే ఆయన తిట్టింది న్యాయమే. రెండిట్లో ఏదో నీ ఉత్తరంలో లేదు, బహుశా ఆయనా విడమర్చి చెప్పి ఉండడు.

"నా తర్వాత ఇంకా నలుగురున్నారు కదా" అని రాశావు. ఉన్నారు. వాళ్లలో బ్యాట్ పట్టుకోగలిగినవాడు ఎందరు? నువ్వు వెళ్లిపోయాక నాలుగో నంబర్ కుర్రాడు స్ట్రయిక్ తనే ఉంచుకోవాలని తంటాలు పడ్డాడు. 74 మీద ఉన్నవాడు 81 దగ్గర అవుటయ్యాడని నువ్వే రాశావు. అప్పటికి ఇంకా ఒక రోజంతా ఆట మిగిలి ఉంది. ముప్పై రెండు పరుగులకు తొందరేముంది?

ఇక కపిల్ దేవ్ సంగతి. మీ తరానికి ఆయనంటే 1983 కప్పే గుర్తు. నేను చెప్పేది ఆ మరుసటి ఏడాది, 1984 డిసెంబర్ ఢిల్లీ టెస్టు. ఇంగ్లండ్‌తో చివరి రోజు. నిలబడితే డ్రా. కపిల్ దిగి ఆఫ్ స్పిన్నర్ పోకాక్ బౌలింగ్‌లో ఒక సిక్స్ కొట్టాడు, ఆ వెంటనే మరో భారీ షాట్‌కు క్యాచ్ ఇచ్చి వెళ్లిపోయాడు. సందీప్ పాటిల్ కూడా అదే తరహాలో అవుటయ్యాడు. ఇంగ్లండ్ 8 వికెట్లతో గెలిచింది. సెలెక్టర్లు ఇద్దర్నీ కలకత్తా టెస్టు నుంచి తీసేశారు. ఏడాదిన్నర కిందట ప్రపంచ కప్పు ఎత్తినవాణ్ణి! ఆ కలకత్తా టెస్టులోనే మన హైదరాబాద్ కుర్రాడు అజహరుద్దీన్ మొదటిసారి ఆడి 110 కొట్టాడు. ఒకరి షాట్ ఇంకొకరికి తలుపు తీస్తుంది, లీగ్‌లో కూడా అంతే.

ఐదున్నరేళ్లు ముందుకు రా. 1990, లార్డ్స్. కెప్టెన్ అజహరే. టాస్ గెలిచి ఫీల్డింగ్ తీసుకుంటే గూచ్ 333 కొట్టాడు, ఇంగ్లండ్ 4 వికెట్లకు 653 దగ్గర డిక్లేర్ చేసింది. అజహర్ 121 కొట్టినా మనవాళ్లు తొమ్మిది వికెట్లు పోగొట్టుకున్నారు. ఫాలోఆన్ (వెంటనే మళ్లీ బ్యాటింగ్‌కి దిగాల్సి రావడం) తప్పాలంటే ఇంకా 24 కావాలి. అవతల చివరి బ్యాట్స్‌మన్ హిర్వాణీ. బ్యాటింగ్‌లో ఆయనంత అమాయకుడు ఆ రోజుల్లో లేడు. ఎదురుగా ఆఫ్ స్పిన్నర్ హెమ్మింగ్స్. కపిల్ వరుసగా నాలుగు సిక్స్‌లు కొట్టాడు. నాలుగు ఆర్లు ఇరవై నాలుగు. తర్వాతి ఓవర్ మొదటి బంతికే హిర్వాణీ అవుట్.

ఢిల్లీలోనూ లార్డ్స్‌లోనూ బ్యాట్ పట్టినవాడు ఒకడే, ఎదుట ఉన్నదీ ఆఫ్ స్పిన్నరే, షాట్ కూడా ఇంచుమించు ఒకటే. ఢిల్లీలో గడియారం చేయాల్సిన పని కపిల్ బ్యాట్‌తో చేయబోయాడు. లార్డ్స్‌లో ఇంకో దారి లేదు, ఒక్క సింగిల్ తీసినా హిర్వాణీ స్ట్రయిక్‌లోకి వస్తాడు. అక్కడ ఆచితూచి ఆడటమే తెలివితక్కువ పని. నువ్వు ఆ సాయంత్రం ఉన్నది ఢిల్లీలో, ఆడింది లార్డ్స్‌లో ఉన్నట్టు. (ఆ లార్డ్స్ టెస్టు మనం 247 పరుగులతో ఓడిపోయాం. ఆ మాట ఎవరూ గుర్తుపెట్టుకోరు.)

ఇందులో నీకు పనికొచ్చే ఇంకో సంగతి ఉంది. కలకత్తాలో ఇద్దర్నీ తీసేశారు కదా. కపిల్ ఆ తర్వాతి టెస్టుకే తిరిగొచ్చాడు. 131 టెస్టుల్లో ఆయన మధ్యలో తప్పిపోయింది ఆ ఒక్కటే. పాటిల్ మళ్లీ టెస్టు ఆడలేదు. పాటిల్ తక్కువ బ్యాట్స్‌మన్ ఏమీ కాదు, చూడముచ్చటగా ఆడేవాడు. నాకు కనిపించే తేడా ఒకటే. కపిల్ లేకపోతే కొత్త బంతి ఎవరికివ్వాలో సెలెక్టర్లకు తోచలేదు. ఆయన ఒక్క చెడ్డ షాట్‌ను తట్టుకోగలిగింది చేతిలో బంతి ఉండబట్టి. అందుకే నీ ఉత్తరంలో ఆ 14 ఓవర్ల వాక్యం కింద గీత గీశాను.

స్టోక్స్ వీడియో వంద సార్లు చూశానన్నావు. ఆ వీడియో ఎక్కడ మొదలవుతుంది? చివరి బ్యాట్స్‌మన్ లీచ్ దిగిన దగ్గర్నుంచి కదూ. గెలవడానికి 73 కావాలి, చేతిలో ఒక్కటే వికెట్. అక్కణ్ణుంచి చూస్తే నీకు సిక్స్‌లే కనిపిస్తాయి. వీడియోలో లేనిది చెప్తాను విను. ఆ 2019 హెడింగ్లే టెస్టులోనే, మొదటి ఇన్నింగ్స్‌లో ఇంగ్లండ్ 67కి ఆలౌటైనప్పుడు, దూరంగా పోతున్న బంతిని వెంటాడి 8కే అవుటైనవాడు కూడా స్టోక్సే. తర్వాత ఆస్ట్రేలియా రెండో ఇన్నింగ్స్‌లో 24.2 ఓవర్లు వేసి 3 వికెట్లు తీశాడు. మిగతా బౌలర్లు వాలిపోతుంటే తను వేస్తూనే ఉన్నాడు. లక్ష్యం 359 దగ్గర ఆగిందంటే ఆ ఓవర్ల పుణ్యం కూడా ఉంది. ఇక మూడో రోజు ఆట ముగిసేసరికి అతని స్కోరు తెలుసా? 50 బంతుల్లో 2. యాభై బంతులకు రెండే పరుగులు. ఆ రెండు పరుగులే లేకపోతే చివరికి అతను కొట్టిన 135 ఉండేది కాదు. లీచ్ వచ్చేసరికి 61 మీద ఉన్నాడు, అప్పుడు గేరు మార్చాడు. 76 పరుగుల ఆ భాగస్వామ్యంలో లీచ్ కొట్టింది ఒకే ఒక్కటి. అదృష్టం కూడా కలిసొచ్చింది. లయన్ రనౌట్ బంతిని చేజార్చాడు, ఎల్బీ కనిపిస్తున్నా ఆస్ట్రేలియా చేతిలో రివ్యూ లేదు.

అదే మైదానంలో 1981లో ఇంగ్లండ్ ఆల్‌రౌండర్ బోథమ్ ఆడిన 149 గురించీ ఇలాగే చెప్పుకుంటారు. దానికి ముందు అతను 95 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడని ఎంతమందికి గుర్తుంది? ఆ వికెట్ల మాట ఎక్కడో చివర్న, అదీ గుర్తొస్తే. ఒక్కోసారి అనిపిస్తుంది, ఆల్‌రౌండర్ల చరిత్ర అంతా వాళ్ల బౌలింగ్‌ను మర్చిపోవడమే అని.

మరి టెస్టుల్లో అలాంటివాడి విలువ నిజంగా ఏమిటి? లెక్క వేద్దాం. రోజుకి 90 ఓవర్లు. నలుగురు బౌలర్లుంటే తలా ఇరవై రెండున్నర. నువ్వు పద్నాలుగు వేస్తే వాళ్ల వంతు పంతొమ్మిదికి దిగుతుంది. మే ఎండల్లో ఆ మూడున్నర ఓవర్లు ఎంత బరువో ఎప్పుడైనా మీ ఓపెనింగ్ బౌలర్‌ను అడుగు. ఇక బ్యాటింగ్. ఏడో నంబర్ వచ్చేసరికి తరచూ బంతికి అరవై, డెబ్బై ఓవర్ల వయసు ఉంటుంది. 80 ఓవర్లకు కొత్త బంతి. అంతవరకూ ఫీల్డింగ్ కెప్టెన్ ఎలాగోలా కాలం గడుపుతుంటాడు, పార్ట్ టైం వాళ్లకు బంతి ఇస్తుంటాడు. ఆ పది, పదిహేను ఓవర్లలో నువ్వు ముప్పై కొడితే అతని మనసు చెదురుతుంది. కొత్త బంతి తీసుకున్నా నలుగురు స్లిప్‌లు పెట్టే ధైర్యం ఉండదు, ఇద్దర్ని పెడతాడు. మూడో స్లిప్‌లోకి పోవాల్సిన ఎడ్జ్ నాలుగు పరుగులవుతుంది. ఇదీ దూకుడు చేసే పని. స్కోరు పెరగడం అందులో ఒక భాగమే.

అలాగని దూకుడుగా ఆడేవాడే గొప్ప ఆల్‌రౌండర్ అనుకోకు. నన్ను జట్టు ఎంచుకోమంటే బోథమ్ కంటే ముందు దక్షిణాఫ్రికా ఆటగాడు కలిస్‌ను తీసుకుంటాను. 13,289 పరుగులు, 292 వికెట్లు, అంతా చడీ చప్పుడూ లేకుండా. పోయిన మ్యాచ్‌ను వెనక్కి లాక్కురావాలంటే మాత్రం బోథమ్‌కే ఫోన్ చేస్తాను. రెండూ వేర్వేరు పనులు.

ఇప్పుడు నీ ముందున్న దారులు. ఏది ఎంచుకోవాలో నేను చెప్పను. ఒక్కోదానికి ఏం ఖర్చవుతుందో చెప్తాను.

కోచ్ అన్నట్టు ఒకటి వదిలేయడం. బ్యాట్స్‌మన్‌గా మారాలంటే ఐదో నంబర్‌కో నాలుగుకో ఎదగాలి, 21 ఏళ్లకి అది కుదరని పనేమీ కాదు. కానీ ఆ వరుసలో నిలబడినవాళ్లు పదిహేనేళ్ల నుంచీ అదే పనిలో ఉన్నారు. నీ సగటు వాళ్ల సగటుతో పోటీ పడాలి, నీ ఓవర్లు అక్కడ లెక్కలోకి రావు. ఒట్టి బౌలర్‌గా అంటావా, కొత్త బంతి బౌలర్ల తర్వాత వేసే మీడియం పేసర్లు ఈ ఊళ్లో ప్రతి గ్రౌండ్‌లోనూ అరడజను మంది దొరుకుతారు. ఒక్కటే పట్టుకుంటే ఏకాగ్రత పెరుగుతుంది, నిజమే. కానీ నిన్ను వేరుగా చూపించేది ఆ రెండూ కలిసి ఉండటమే. అది నువ్వే వదులుకుంటావు.

మీ మామ చెప్పింది. డబ్బు అక్కడే ఉందన్న మాట కాదనను. నితీష్ రెడ్డి పేరు కూడా ఆయన తీశాడని రాశావు. మన వైజాగ్ కుర్రాడు 2024 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ తరఫున కొట్టాకే దేశానికి తెలిశాడు, ఒప్పుకుంటా. కానీ అంతకు నాలుగేళ్ల ముందునుంచే ఆంధ్రా తరఫున రంజీ ఆడుతున్నాడు. ఆ ఏడాది డిసెంబర్‌లో మెల్‌బోర్న్ టెస్టు గుర్తు చేసుకో. ఆస్ట్రేలియా 474. మనం 7 వికెట్లకు 221, ఫాలోఆన్ తప్పాలంటే ఇంకా 54 కావాలి. ఎనిమిదో నంబర్‌లో దిగిన నితీష్, వాషింగ్టన్ సుందర్‌తో కలిసి 127 పరుగులు జోడించాడు. సుందర్ 50 కొట్టడానికి 162 బంతులు తీసుకున్నాడు. ఒకడు అవతల గోడలా నిలబడితేనే ఇవతలివాడికి చేతులు ఆడతాయి. నితీష్ 99 మీద ఉండగా తొమ్మిదో వికెట్ పడింది. మన టోలీచౌకీ సిరాజ్ వచ్చి కమిన్స్‌ను మూడు బంతులు కాచుకున్నాడు. నేనైతే టీవీ ముందు కూర్చోలేకపోయాను. ఆ మూడు బంతులే సెంచరీలో సగం అంటాను. ఇలాంటిది ఇరవై ఓవర్ల ఆటలో ఎక్కడుంది?

ఇంకోటి, మీ మామకు తెలియకపోవచ్చు. 2023 నుంచి ఐపీఎల్‌లో ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన ఉంది. మధ్యలో ఒకణ్ణి తీసి ఇంకొకణ్ణి దించొచ్చు. అంటే బ్యాటింగ్‌కి ఒకడు, బౌలింగ్‌కి ఒకడు. సగం అదీ సగం ఇదీ చేసేవాడి అవసరం తగ్గింది, ఆల్‌రౌండర్లకు ఇది మంచిది కాదని రోహిత్ శర్మే బయటికి అన్నాడు. తెల్ల బట్టల ఆటలో ఆ వెసులుబాటు లేదు. పదకొండు మందే, ఐదు రోజులూ వాళ్లే. అందుకే అక్కడ ఇద్దరి పని ఒక్కడే చేసేవాడికి గిరాకీ. నువ్వు బరువు అనుకుంటున్న గుణానికి విలువ ఎక్కువుండేది నువ్వు వదిలి పోదామనుకుంటున్న ఆటలోనే. అయినా టీ20 వైపు పోతానంటే తప్పేం కాదు. అక్కడ నీ బౌలింగ్‌కి స్లో బంతి, యార్కర్ కావాలి. రెండేళ్లు దానికే పోతాయి. ఆ రెండేళ్లలో నీ అవుట్‌స్వింగ్ పోవచ్చు.

క్లబ్బు మారడం. మారొచ్చు. కానీ కోపంతో మారితే కొత్త క్లబ్బులోనూ మొదటి నెలలోనే లాంగాన్‌కు క్యాచ్ ఇస్తావు, అక్కడైతే నీ కోసం మాట్లాడేవాడు ఒక్కడూ ఉండడు. ఇంతకంటే దీని గురించి చెప్పేదేం లేదు.

చివరిది, ఉన్నచోటే ఉండి, ఉన్నట్టే ఉండి, పని కొంచెం మార్చుకోవడం. కష్టం ఇందులోనే ఎక్కువ. కోచ్ దగ్గరికి వెళ్లి "నేను బ్యాట్స్‌మన్‌నా బౌలర్‌నా" అని అడగకు, ఆ ప్రశ్నకు ఆయన దగ్గర ఉన్న జవాబు నీకు ముందే చెప్పేశాడు. "నాకు రోజుకి పదిహేను ఓవర్లు ఇవ్వండి, ఏడో నంబర్‌లో ఎప్పుడు కొట్టాలో ఎప్పుడు ఆగాలో మీరూ కెప్టెనూ ముందే చెప్పండి" అని అడుగు. అబిద్ అలీ గారు మన ఊరి ఆల్‌రౌండరే. 1967లో అడిలైడ్‌లో మొదటి టెస్టులోనే 55 పరుగులకు 6 వికెట్లు తీశారు, ఎక్కడ దింపితే అక్కడ బ్యాటింగ్ చేశారు, ఓపెనింగ్‌తో సహా. 1971లో ఓవల్‌లో గెలుపు ఫోరు ఆయనదే. 2025లో పోయారు. "నా స్థానం ఏది" అనే ప్రశ్న ఆయన్ను ఆపినట్టు నాకెక్కడా కనపడలేదు.

నెట్స్‌లో ఒక పని చేసి చూడు. గాల్లోకి కొట్టిన ప్రతి షాట్ తర్వాతి బంతిని నేల మీద సింగిల్‌కే ఆడాలని నియమం పెట్టుకో. స్పిన్నర్ ఎంత ఊరించే బంతి వేసినా సరే. వారం రోజులు చేతులు దురద పెడతాయి. మూడో వారానికి, కొట్టాక ఫీల్డర్ ఎటు కదిలాడో చూడటం అలవాటవుతుంది. నెట్‌లో ఫీల్డర్లుండరు కాబట్టి బౌలర్‌నే అడుగు, "ఇప్పుడు ఎవర్ని వెనక్కి పంపుతావ్" అని.

ఫీల్డింగ్ కూడా ఉంది. 2024 జనవరిలో ఉప్పల్ టెస్టుకు నేను వెళ్లాను. మోకాలి ఆపరేషన్ తర్వాత స్టోక్స్ ఆ మ్యాచ్‌లో ఒక్క ఓవర్ కూడా వేయలేదు. మొదటి ఇన్నింగ్స్‌లో 70 కొట్టాడు. కానీ నాలుగో రోజు మనం 231 కోసం ఆడుతుంటే బంతిని అందుకుని, ఒళ్లు తిప్పకుండానే వెనక చేత్తో విసిరి జడేజాను రనౌట్ చేశాడు చూడు, స్టాండంతా ఒక్కసారి చప్పబడిపోయింది. మనం 28 పరుగులతో ఓడిపోయాం. నీ ఉత్తరంలో ఫీల్డింగ్ గురించి ఒక్క అక్షరం లేదు.

నడుము జాగ్రత్త. బ్యాటింగూ బౌలింగూ రెండూ చేసే కుర్రాళ్లను మొదట దెబ్బతీసేది అదే. హార్దిక్ పాండ్యా 2018లో ట్రెంట్‌బ్రిడ్జ్‌లో 28కి 5 వికెట్లు తీశాడు, ఇక మనకు కపిల్ దొరికాడని అందరం అనుకున్నాం. ఆ ఏడాదే వెన్ను దెబ్బతింది, 11 టెస్టుల దగ్గరే ఆగిపోయాడు. వారానికి ఎన్ని ఓవర్లు వేస్తున్నావో ఒక చిన్న డైరీలో రాసుకో, నెట్స్‌లో వేసినవి కూడా కలిపి.

కెప్టెన్ విషయంలో నీ బాధ నాకు అర్థమైంది. కొట్టేయ్ అన్నవాడు కోచ్ ముందు నోరు విప్పలేదు. అతనికీ ఇరవై నాలుగేళ్లే కదా. అందరి ముందూ నిలదీస్తే ఇంకా దూరమవుతాడు. ఏ ఇరానీ హోటల్లోనో కూర్చుని, "ఆ రోజు నువ్వు కొట్టమన్నావు, ఎంతవరకు అనేది నేను అడగలేదు" అని నువ్వే మొదలుపెట్టు. అతను తన వంతు ఒప్పుకుంటాడో లేదో చూడు. ఒప్పుకోకపోతే ఇకముందు అతని "కొట్టేయ్"కి ఎంత బరువివ్వాలో తెలిసిపోతుంది.

ఇక మీ నాన్న. ఆయన చెప్పే ఉద్యోగం నీ ఆటకు అడ్డనుకుంటున్నావు. ఆఫీసు జట్లూ లీగ్ ఆడతాయి. నెల తిరిగేసరికి జీతం, మ్యాచ్‌కి సెలవు. స్పోర్ట్స్ కోటా ట్రయల్స్‌లో రెండు పనులు చేసేవాణ్ణి కాదనరు. అయితే ఆఫీసు క్రికెట్‌లో ఒళ్లు బరువెక్కి ఆగిపోయినవాళ్లనూ నేను చాలామందిని చూశాను, ఆ మాటా దాచను. ముందా మిగిలిన పేపర్ రాయి, డిగ్రీ చేతిలో ఉంటే ఏ దారైనా కాస్త వెడల్పవుతుంది.

ఆయన మాట్లాడటం లేదన్నావు, ప్యాంటు ఇస్త్రీ చేసి పెడుతున్నాడన్నావు. బౌలింగ్ వేసేవాడి ప్యాంటు మీద తొడ దగ్గర బంతి రుద్దిన ఎర్ర మరక ఉంటుంది, అది సబ్బుకు ఓ పట్టాన పోదు. బట్టతో బతికే మనిషి, ఆ మరక ఆయన కంట పడకుండా ఉంటుందా? నువ్వు ఆ రోజు 14 ఓవర్లు వేశావని ఆయనకు ఎవరైనా చెప్పారా? నాకైతే అనుమానమే. ఇంట్లో కూడా నువ్వు ఆ సిక్స్ గురించే చెప్పి ఉంటావు. ఈసారి నెట్స్ నుంచి వచ్చాక ప్యాంటు నువ్వే ఉతికి ఆరేసి, షాపుకి పట్టుకెళ్లి ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టు. మరక ఎందుకు పోలేదని ఆయన అడిగితే చెప్పు.